బూడిద కింద... నీళ్ల కింద... నంద్యాల!

ఇటలీ వెళ్లొచ్చినవాళ్లెవరైనా ముందుగా చెప్పే కబురు పాంపే గురించే. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై, సముద్రానికి దగ్గర్లో నిశ్చింతగా బతుకుతున్న ఆ ఊరిని బూడిదతో కప్పేసింది. ఇప్పుడు ఏటా లక్షలాదిమంది టిక్కెట్టు కొనుక్కుని మరీ ఆ వీధుల్లో తిరుగుతారు. అప్పటి రొట్టెల కొట్టూ, గోడలమీది బొమ్మలూ చూసి, సాయంత్రానికి పక్కనున్న నేపుల్స్‌కి చేరి వేడివేడి పిజ్జా తింటారు. రాళ్లు చూడటం, సముద్రం చూడటం, కడుపునిండా తినడం... ఇటలీ ప్రయాణమంటే స్థూలంగా ఇదే!

అలాంటి బూడిద నంద్యాల జిల్లాలోనూ ఉందంటే నమ్ముతారా? పాంపే బూడిదకు ఇంకా రెండువేల ఏళ్లు నిండలేదు. ఇక్కడి బూడిద వయసు దాదాపు 74,000 ఏళ్లు!

బనగానపల్లె మండలంలో జ్వాలాపురం అని ఓ పల్లె. యాగంటి క్షేత్రానికి దగ్గర్లోనే, జుర్రేరు వాగు లోయలో ఉంటుంది. పేరులోనే జ్వాల ఉండటం కాకతాళీయమే కావచ్చు గానీ, ముచ్చటగా ఉంది కదూ. ఈ లోయలో నల్లమట్టి, ఎర్రమట్టి పొరల కింద తెల్లగా, మెత్తగా ఒక పొర కనిపిస్తుంది. అది ఇక్కడి అగ్నిపర్వతం తాలూకు బూడిద కాదు. ఇండొనేషియాలోని సుమత్రా దీవిలో తోబా అనే మహా అగ్నిపర్వతం పేలినప్పుడు, రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి గాల్లో వచ్చి ఇక్కడ రాలింది. తోబా ఎంత పెద్ద పేలుడంటే, గడిచిన ఇరవై లక్షల ఏళ్లలో భూమ్మీద దానికి సాటివచ్చేది లేదంటారు. అది పేలిన చోట మిగిలిన గుంత ఇప్పుడు వంద కిలోమీటర్ల పొడవున్న సరస్సు. ఆకాశం నుంచి రాలింది ఏ కొన్ని అంగుళాల మందమో. కానీ చుట్టూ ఉన్న గుట్టలమీది బూడిదంతా వానలకు కొట్టుకొచ్చి లోయలో పేరుకుపోయింది. అందుకే ఒకచోట దాని మందం రెండున్నర మీటర్లకు పైనే ఉంది. నిలబడ్డ మనిషి నిలువునా మునిగిపోయేంత!

బూడిద కన్నా పెద్ద విశేషం దాని కిందా పైనా దొరికినవాటిలో ఉంది. మైఖేల్ పెట్రాగ్లియా, ధార్వాడ కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కోరిశెట్టర్ తదితరులు ఇక్కడ తవ్వకాలు జరిపారు. బూడిద పొర కింద మనుషులు చెక్కిన రాతి పనిముట్లు దొరికాయి. పైన కూడా దొరికాయి. కిందివాటికీ పైవాటికీ పోలిక ఉంది. 2007లో 'సైన్స్' పత్రికలో ఈ సంగతి అచ్చయ్యాక ప్రపంచమంతా జ్వాలాపురం పేరు మారుమోగింది. ఎందుకంటే అప్పటిదాకా, తోబా పేలుడు వల్ల ఏళ్లతరబడి సూర్యరశ్మి సరిగ్గా అందక మానవజాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయిందన్న వాదం గట్టిగా ఉండేది. ఇక్కడి మనుషులు మాత్రం బూడిద దులుపుకుని మళ్లీ రాళ్లు చెక్కుకున్నట్టే ఉన్నారు! వాళ్లు మనలాంటి మనుషులేనా, అంతకుముందు జాతివాళ్లా అన్న చర్చ పండితుల మధ్య ఇంకా తెగలేదు. ఆ లోయలోనే మరోచోట, రాతి చరియ కింద, దాదాపు 35,000 ఏళ్లనాటి చిన్నచిన్న రాతి పలుగులు, పూసలూ దొరికాయి. అంటే బనగానపల్లె పక్కన పూసలు గుచ్చుకుని ముస్తాబైన మనుషులు అప్పటికే ఉన్నారన్నమాట.

మరి ఇంతటి బూడిదను ఏం చేశారు? అంట్లు తోమారు! అగ్నిపర్వత బూడిద అంటే నిజానికి గాజు రజను. కంటికి కనిపించనంత సన్నటి, పదునైన పలుకులు. గిన్నెలు రుద్దే పొడుల్లో అలాంటిదే కావాలి. అందుకని కొన్నేళ్లపాటు జ్వాలాపురం చుట్టుపక్కల పొలాల్లో దాన్ని తవ్వి తరలించారు. తవ్వినవాళ్లను తప్పుపట్టడానికి మనసొప్పదు. సొంత పొలంలో దొరికిన తెల్లమట్టికి నాలుగు డబ్బులొస్తే కరువుసీమ రైతు ఎందుకు కాదంటాడు? అది 74,000 ఏళ్లనాటి చరిత్ర పుస్తకంలో పేజీ అని ఆయనకు ముందే చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు. పాంపే బూడిదను తీసినవాళ్లు దాని కింది ఊరిని కాపాడుకున్నారు. ఇక్కడ ఆ బూడిదే పాత్రలతోబాటు కడుక్కుపోయింది. మిగిలిందైనా మిగలాలంటే ఆ చోటు విలువ ముందు నంద్యాల పిల్లలకు తెలియాలి. బళ్లో విహారయాత్ర అనగానే హైదరాబాద్ జూపార్కుకి వెళ్లే బస్సుల్లో ఒక్కటైనా ఇటు తిరిగితే బాగుండు.

అయితే ఒక మాట. టిక్కెట్టు కౌంటరు, చెవిలో కథ చెప్పే యంత్రం లాంటివి ఆశించి జ్వాలాపురం వెళ్లొద్దు. ఇది పొలాల మధ్య వ్యవహారం. రైతును అడిగి, గట్టు తొక్కకుండా, ఏ రాయీ జేబులో వేసుకోకుండా చూసి రావాలి.

రాయి తొలిచిన నీరు

బూడిదను చూశాక రాయిని చూడాలి. ఈ ప్రాంతమంతా సున్నపురాయి నేల. వాననీరు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పుల్లబడుతుంది. ఆ నీరు లక్షల ఏళ్లు సున్నపురాయి పగుళ్లలో పారితే రాయి కరిగి గుహ అవుతుంది. కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు అలా పుట్టినవే. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1980ల మొదట్లో డేనియల్ గెబాయెర్ నాయకత్వంలో జర్మన్ బృందమొకటి లోపలికి దిగి, పాక్కుంటూ వెళ్లి మొత్తం కొలిచింది. లెక్క 3,229 మీటర్లు తేలింది. మన దేశంలో మైదాన ప్రాంతంలో ఇంత పొడవైన గుహ మరొకటి లేదు. పర్యాటక సంస్థ దీపాలు, దారులు వేశాక 2002లో జనానికి తెరిచారు. మొత్తం గుహ కాదు, అందులో దాదాపు సగమే చూడనిస్తారు.

లోపల చల్లగా ఉంటుందనుకుని వెళితే పొరపాటే. ఉక్కపోతకు చొక్కా తడిసిపోతుంది. సింహద్వారం, కోటిలింగాలు, ఊడలమర్రి అని పేర్లు పెట్టిన గదులన్నీ దాటి అట్టడుగుకు చేరితే పాతాళగంగ. నేలకు దాదాపు 150 అడుగుల లోతున సన్నటి నీటిపాయ కాసేపు కనిపించి మళ్లీ రాతిలోకే మాయమవుతుంది. ఒకప్పుడు ఇక్కడ బౌద్ధ, జైన సన్యాసులు ఉండేవారనడానికి ఆనవాళ్లు దొరికాయి. ఈ ఉక్కలో కూర్చుని ధ్యానం చేశారంటే వాళ్ల ఓపికకు దండం పెట్టాలి.

ఫుట్ దొరగారికి బెలుం కన్నా ఎక్కువ పనిపెట్టినవి బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలు. 1880లలో ఆయన, ఆయన కొడుకు హెన్రీ కలిసి అక్కడ తవ్వించి ఎప్పుడో అంతరించిన జంతువుల ఎముకలు బయటికి తీశారు. ఇప్పుడు బేతంచెర్ల అంటే మనకు గుర్తొచ్చేది ఎముకలు కాదు, నాపరాళ్లు. మన ఇళ్లలో నున్నగా పాలిష్ చేసి పరిచే నల్లబండలు ఇక్కడివే. బేతంచెర్ల, బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల దారుల్లో రోడ్డుకిరువైపులా బండలు నిలబెట్టి ఉంటాయి. గుహను పుట్టించిందీ ఆ రాయే, వేలమందికి కూలి ఇస్తున్నదీ ఆ రాయే. సిమెంటుకు కావలసిందీ అదే. ఎక్కడ తవ్వాలో, ఎక్కడ ఆపాలో చెప్పే గీత ఒకటి స్పష్టంగా లేకపోతే, రేపు ఏ గుహ గోడ ఏ ఇంటి వంటగదిలో బండై తేలుతుందో ఎవరు చెప్పగలరు!

యాగంటి ఇదే రాతి కొండల్లో ఉంది. సంగమ వంశపు రాజుల కాలంలో కట్టిన గుడి, కొండ లోపలినుంచి వచ్చే నీటితో నిండే కోనేరు, పక్కన గుహలు. ఉమామహేశ్వరులు ఒకే శిలలో కొలువైన చోటిది. ఇక్కడ కాకులు కనిపించవని, అగస్త్యుడి శాపమనీ చెబుతారు. బసవన్న పెరుగుతున్నాడనే మాట ఆంధ్రదేశంలో తెలియనివారుండరు. నందికీ మండపం స్తంభాలకూ మధ్య ఒకప్పుడు ప్రదక్షిణ చేసేంత జాగా ఉండేదని, అది తగ్గిపోయి ఒక స్తంభాన్ని తీసేయాల్సి వచ్చిందని స్థానికులు చూపిస్తారు. కలియుగాంతాన ఈ బసవన్న లేచి రంకె వేస్తాడని వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానంలో చెప్పాడని నమ్మకం. స్వామి గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాస్తూ కాలజ్ఞానం రాసుకున్నది ఈ బనగానపల్లె రవ్వలకొండ మీదే. బనగానపల్లెలో నవాబుల పాత బంగళా కూడా ఉంది. 2009లో వచ్చిన 'అరుంధతి' సినిమా పుణ్యమా అని పిల్లలు ముందు దాన్నే చూపించమని మారాం చేస్తారు. సరే, వాళ్ల ముచ్చటా తీర్చాలి కదా.

పొద్దున్నే ఉగ్గాని... మధ్యాహ్నం సంగటి

ఇంతదూరం తిరగాలంటే కడుపులో ఏదైనా పడాలి. నంద్యాలలో తెల్లారిందంటే హోటళ్లలో, బండ్లమీద ఉగ్గాని ఘుమఘుమలు మొదలవుతాయి. కోస్తావాళ్లకు ఇడ్లీ ఎలాగో సీమకు ఉగ్గాని అలాగ. బొరుగుల్ని నీళ్లలో ముంచి వెంటనే పిండేస్తారు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసిన తిరువాతలో వాటిని కలిపి, పైన పప్పుల పొడి చల్లి, నిమ్మకాయ పిండుతారు. పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే ఉగ్గాని ఉగ్గానే కాదు. చూడటానికి ఇంతే. కానీ బొరుగులు ఎక్కువసేపు నానితే ముద్దైపోతాయి, తక్కువ నానితే గొంతు దిగవు. ఆ ఒక్క క్షణం తెలిసినవాళ్ల బండి దగ్గరే జనం మూగుతారు. కాబట్టి ఏ హోటలు మంచిదని ఎవర్నీ అడగక్కర్లేదు, గుంపు ఉన్న దగ్గర నిలబడితే చాలు!

మధ్యాహ్నానికి రెండు దారులు. జొన్నరొట్టె, గుత్తివంకాయ, శెనక్కాయల పొడి ఒకటి. రాగిసంగటి, నాటుకోడి పులుసు రెండోది. శాకాహారులు సంగటిలోకి గోంగూర పప్పు వేసుకుని, మధ్యలో గుంట చేసి నెయ్యి పోసుకుంటే దేనికీ లోటుండదు. అన్నమే కావాలనేవాళ్లకు నంద్యాల సోనా ఉండనే ఉంది. హైదరాబాద్ కిరాణాకొట్లలో సంచుల మీద కనిపించే ఈ పేరు వెనక రెండు కథలున్నాయి. ఒకటి విత్తనం. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, ఇక్కడి నేలలో బాగా కుదురుకుంది. రెండోది కాలువ. 1860లలో ఓ ప్రైవేటు కంపెనీ, పొలాలకు నీళ్లివ్వడమే కాదు, పడవలూ నడపొచ్చని సుంకేసుల నుంచి కడపదాకా సుమారు 300 కిలోమీటర్ల కాలువ తవ్వించింది. లాభాలు రాలేదు. 1882లో సర్కారు దాన్ని కొనేసుకుంది. అదే కేసీ కెనాల్. పడవల సంగతి గానీ వరి మాత్రం నిలిచింది. కంపెనీకి నష్టం, మన కంచానికి లాభం!

నల్లరేగడి మెట్టలో శనగ పండుతుంది. నంద్యాలలో 1906 నుంచి వ్యవసాయ పరిశోధన స్థానం పనిచేస్తోంది. 'నరసింహ' పత్తి ఇక్కడిదే. యంత్రంతో కోసుకోవడానికి వీలుగా కాస్త ఎత్తుగా పెరిగే శనగ రకాన్నీ ఇక్కడే తయారుచేశారు. బజ్జీ తినేటప్పుడు ఆ పిండి వెనక ఇంత కథ ఉందని ఎవరికి తోస్తుంది?

నంద్యాల అంటే చాలామందికి ఎన్నికలే గుర్తొస్తాయి. 1977లో రాష్ట్రమంతా కాంగ్రెస్ గాలి వీస్తే జనతా పార్టీ తరఫున ఒకే ఒక్కడు గెలిచాడు. నంద్యాల నుంచి నీలం సంజీవరెడ్డి. ఆ ఏడాదే రాష్ట్రపతి అయ్యాడు. 1991లో ప్రధాని పీవీ నరసింహారావును ఉప ఎన్నికలో అయిదు లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిపించిందీ ఈ ఊరే. జిల్లా కేంద్రం కావడానికి మాత్రం 2022 ఏప్రిల్ దాకా ఆగాల్సి వచ్చింది.

ఊరి పేరు నందుల వల్ల వచ్చింది. చుట్టూ తొమ్మిది నందులు. ప్రథమ నంది, నాగనంది, సోమనంది ఊళ్లోనే ఉన్నాయి. సూర్యనంది, శివనంది, విష్ణునంది మహానంది దారిలో తగులుతాయి. మహానంది, వినాయక నంది, గరుడ నంది ఆ క్షేత్రంలోనే. కార్తికమాసంలో పొద్దున బయల్దేరి చీకటిపడేలోగా తొమ్మిదీ చూసొచ్చే భక్తులు వేలమంది. తీరిక లేనివాళ్లు మహానంది ఒక్కటి చూసినా చాలు. నంద్యాలకు పదిహేను కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, నల్లమల అంచున, అరటితోటల మధ్య ఉంటుంది. బాదామి చాళుక్యుల కాలానికి చెందుతుందని చెప్పే ఈ గుడి శిఖరం మన దక్షిణాది గోపురాల్లా మెట్లు మెట్లుగా ఉండదు. ఒరిస్సా గుళ్లలా నున్నగా వంపు తిరిగి పైకి లేస్తుంది. మూలవిరాట్టు కిందినుంచి ఊట పుట్టి కోనేరులోకి చేరుతుంది. వానకాలంలో పొంగదు, ఎండాకాలంలో ఎండదు. అడుగున పడ్డ రూపాయి బిళ్ల మీద బొమ్మా బొరుసూ తేల్చి చెప్పొచ్చు, అంత తేట! ఆ నీరు గుళ్లోనే ఆగిపోదు. బయటకు పారి వేలాది ఎకరాలను తడుపుతుంది. దేవుడి పాదాల దగ్గర పుట్టిన నీటితోనే ఆ అరటిగెలలు కాస్తాయి. గుడి ముందు అమ్మే పళ్లు కొనుక్కుని, అక్కడే ఒలుచుకు తినడంలో ఉన్న రుచి ఇంటికి తెచ్చుకుంటే రాదు.

ఉలి చప్పుడు ఆగని ఊరు

నంద్యాల నుంచి కడప రోడ్డు పట్టి నలభై కిలోమీటర్లు వెళితే ఆళ్లగడ్డ. ఊరు చేరేముందే చెవికి తెలుస్తుంది. రోడ్డు పక్క పాకల్లో ఉలి చప్పుడు. ఇప్పుడు దానికి కట్టర్ల రొద కూడా తోడైంది. గ్రానైటు దుమ్ములో తెల్లబడ్డ మనుషులు, సగం చెక్కిన ఆంజనేయస్వాములు, వినాయకులు, పక్కనే అంబేడ్కర్ విగ్రహం, పార్టీలకు అతీతంగా వరసగా నిలబడ్డ నాయకులు. దురుగడ్డ వంశంవారి చేతులమీదుగా ఇక్కడ వేళ్లూనుకున్న శిల్పవిద్య ఇది. ఆళ్లగడ్డ రాతిచెక్కడానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. విదేశాల్లో తెలుగువాళ్లు కట్టుకున్న గుళ్లకూ ఇక్కడినుంచి విగ్రహాలు ఓడెక్కి వెళుతుంటాయి.

రాయిని ఎలా ఎంచుతారో తెలుసా? సుత్తితో కొట్టి వింటారు. గంటలా ఖంగుమంటే పురుష శిల, దేవుడికి. కంచు తాళంలా సన్నగా మోగితే స్త్రీ శిల, అమ్మవారికి. ఏ మోతా లేకపోతే నపుంసక శిల, దాంతో పీఠమో మెట్టో చేస్తారు. శిల్పశాస్త్రం చెప్పిన ఈ పరీక్షకు ఏ యంత్రమూ అక్కర్లేదు. ముఖాన్ని ఒక కొలతగా తీసుకుని, దాన్నిబట్టి నిలువెత్తు ఎన్ని ముఖాలో లెక్కగడతారు. అదే తాళమానం. నాయకుల విగ్రహాలకు మాత్రం ఫొటోనే శాస్త్రం! కళ్లు చిట్టచివర తెరుస్తారు. అప్పటిదాకా అది రాయి.

రాతి దుమ్ము ఊపిరితిత్తులకు చేసే చేటు చిన్నదేం కాదు. చెక్కేవాళ్లకు మంచి మాస్కులు, నీళ్లు చిమ్ముతూ కోసే యంత్రాలూ ఉండాలి. గుళ్లో కొబ్బరికాయ కొట్టేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి గుర్తుంటుంది? ఇక్కడికి వచ్చినవాళ్లు ఓ జానెడు వినాయకుణ్ని బేరమాడకుండా కొనుక్కెళితే ఆ మేరకు ఉలి ఆగకుండా ఉంటుంది.

ఆళ్లగడ్డకు పాతిక కిలోమీటర్ల దూరంలో అహోబిలం. దిగువ అహోబిలంలో ప్రహ్లాద వరద నరసింహస్వామి గుడి, విజయనగర కాలపు మండపాలు. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర రోజుల్లో, 1515లో ఇక్కడికి వచ్చి స్వామికి హారం, కడియాలు సమర్పించినట్టు శాసనం ఉంది. ఎర్రాప్రగడ నృసింహపురాణం ఈ స్వామికే అంకితం. ఎగువ అహోబిలం ఎనిమిది కిలోమీటర్లు పైకి, అడవిలో. నవ నరసింహుల్లో కొందరి దగ్గరికి బండి పోతుంది. జ్వాలా నరసింహుడి దగ్గరికి మాత్రం భవనాశిని వాగు వెంట రాళ్లు దాటుతూ నడవాల్సిందే. ఉగ్రస్తంభం ఎక్కాలంటే మోకాళ్లు, ఊపిరి రెండూ గట్టిగా ఉండాలి. పెద్దవాళ్లు దిగువనే ఆగి పిల్లల్ని పంపడం మేలు. చేతికర్ర తీసుకోవడం, చీకటిపడకముందే దిగడం మరవొద్దు. అది పులులున్న నల్లమల.

సంక్రాంతి రోజుల్లో వెళ్లగలిగితే ఇంకెక్కడా కనిపించని ముచ్చట ఒకటి చూడొచ్చు. అదే పారువేట. కనుమనాడు ఎగువ, దిగువ అహోబిలం ఉత్సవమూర్తులు పల్లకి ఎక్కి బయల్దేరతారు. నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతారు. ఎందుకంటారా? ఫాల్గుణంలో జరిగే తన పెళ్లికి జనాన్ని పిలవడానికి! చెంచులక్ష్మిని చేసుకున్న స్వామి కాబట్టి చెంచులకు ఆయన బావగారు. పల్లకి బయల్దేరేముందు వాళ్లు విల్లు పట్టి బాణం వేస్తారు. స్వామి ఊళ్లోకి వచ్చిన రోజు ఆ ఊరికి పండగ. ఆడపిల్లలు పుట్టింటికొస్తారు, ప్రతి ఇంట్లో ఓళిగలు కాలుతాయి. భక్తులు దేవుడి దగ్గరికి వెళ్లడం అంతటా ఉన్నదే. దేవుడే ఊరూరా తిరిగి బొట్టుపెట్టి పిలవడం ఎంతమందికి దక్కుతుంది?

ఇక్కడా ఉంది ఓ తీరం

సముద్రం లేదన్న లోటు ఒక్కటే మిగిలింది కదా. దానికీ ఓ చోటుంది. ఇటలీలో నేపుల్స్ దగ్గరే బయ్యే అని ఓ ఊరుంది. రోమన్ శ్రీమంతులు విడిదిగా కట్టుకున్న ఊరు. నేల మెల్లగా కుంగి సగం ఊరు సముద్రంలో కలిసిపోయింది. 2002లో దాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అద్దం అడుగున్న పడవల్లో వెళ్లి మునిగిన మేడల్ని చూస్తారు.

మన సంగమేశ్వరం కూడా అలా మునిగిందే. నంద్యాల జిల్లా ఉత్తరపు అంచున, ఆత్మకూరు దాటాక, కృష్ణలో తుంగ, భద్ర, భవనాశి వంటి నదులు కలిసేచోట ఉంది. ఏడు నదుల సంగమమని పేరు. వేపదారు శివలింగాన్ని ధర్మరాజు ప్రతిష్ఠించాడని కథ. 1981లో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు గుడి నీళ్లలోకి వెళ్లింది. ఇప్పుడు వేసవిలో జలాశయం అడుగంటినప్పుడు కొన్ని నెలలు బయటపడుతుంది. మొదట శిఖరం, తర్వాత గోడలు, ఆఖర్న గర్భగుడి. మళ్లీ వరద రాగానే పూజారి చివరి హారతి ఇచ్చి గట్టెక్కుతాడు. చుట్టూ కనుచూపుమేర నీళ్లు, మధ్యలో ఒక్క గోపురం... ఆ దృశ్యం చూసినవాళ్లకు సముద్రం గుర్తుకురాదు.

కూడవెల్లి సంగమేశ్వరాలయానిది కాస్త మంచి అదృష్టం. దాన్ని రాయి రాయీ విప్పి అలంపురంలో మళ్లీ పేర్చారు. ఊళ్లను అలా పేర్చడం ఎవరివల్లా కాలేదు. శ్రీశైలం కింద దాదాపు వంద గ్రామాలు మునిగాయి, లక్షమంది దాకా ఇళ్లూ పొలాలూ వదిలి కదలాల్సి వచ్చింది. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు మొండిగోడలు తేలితే, తమ ఇల్లు ఎక్కడుండేదో వెతుక్కునే ముసలివాళ్లకు అవి చూడముచ్చటైన శిథిలాలు కావు. అలాగని ఆ జలాశయాన్ని తిట్టడమూ అంత తేలిక కాదు. పోతిరెడ్డిపాడు దగ్గర అందులోంచే నీళ్లు మళ్లి తెలుగుగంగ ద్వారా, ఎస్సార్బీసీ ద్వారా నంద్యాల పొలాలకు వస్తాయి. అంతకు ముందుకెళ్లి మద్రాసు నగరం దాహం తీరుస్తాయి. సంగమేశ్వరుణ్ని ముంచిన నీరే ఇక్కడ సోనా బియ్యమై కంచంలోకి వస్తోంది. పైగా ఇది భూమి కుంగి జరిగింది కాదు, మనుషులు లెక్కవేసి చేసింది. కాబట్టి ఆ గుడి రాళ్లకు ఏడాదికోసారి తడిసి ఎండే బాధ నుంచి ఏదైనా కాపు చూపించే బాధ్యత కూడా మనుషులదే.

ఇక ఎప్పుడు వెళ్లాలన్నదే చిక్కు. గుహలకు, కొండలకు, పారువేటకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. సంగమేశ్వరం చూడాలంటే మార్చి దాటాలి, అప్పుడు సీమ ఎండ సంగతి తెలిసిందే. గుంటూరు నుంచి నంద్యాలకు రైల్లో వస్తే నల్లమల అడవి మధ్యలోంచి, సొరంగం దాటి రావచ్చు. పగటి బండి ఎక్కడం మంచిది, రాత్రి బండైతే ఈ దారి అందమంతా నిద్రలో పోతుంది. మహానందికి గాజులపల్లె స్టేషను దగ్గర. 2016 నుంచి నంద్యాల, ఎర్రగుంట్ల మధ్య కొత్త లైను వచ్చింది కాబట్టి బనగానపల్లెకూ, కోవెలకుంట్లకూ రైలుంది. కోవెలకుంట్లలో దిగినవాళ్లు ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న ఉరితీసిన చోటు చూపించమని అడగొచ్చు.

మండుటెండలో సంగమేశ్వరం వెళ్లే సాహసం చేసినవాళ్లకు ఓ ఊరట లేకపోలేదు. మే నెల కాబట్టి బంగినపల్లి మామిడి చేతికొచ్చి ఉంటుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ పండు ఇప్పుడు రాష్ట్రమంతా పండుతోంది గానీ, పేరు మాత్రం బనగానపల్లెదే. పెట్టె కొనేటప్పుడు పైపొర ఒక్కటే చూసి మోసపోకుండా అడుగున ఉన్న కాయ కూడా తీయించి చూడండి.